కప్పదా, పందిదా, తేనెటీగదా? జంతువుల ఆంటీమైక్రోబియల్ పెప్టైడ్లని అసలు ఎలా పోల్చాలి

సీక్వెన్స్_సుబ్బు
అందరికీ నమస్తే. సెమినార్ కోసం జంతువుల నుంచి దొరికిన ఆంటీమైక్రోబియల్ పెప్టైడ్ల (సూక్ష్మజీవుల్ని అడ్డుకునే చిన్న ప్రొటీన్ గొలుసులు) మీద ఒక పెద్ద టేబుల్ చేస్తున్నా. ఇప్పటికి లిస్టులో ఉన్నవి కప్ప చర్మం నుంచి మెగైనిన్-2, సెక్రోపియా పట్టుపురుగు నుంచి సెక్రోపిన్-ఎ, తేనెటీగ విషంలోని మెలిటిన్, పంది తెల్లరక్తకణాల ప్రొటెగ్రిన్-1, ఆవు ఇండోలిసిడిన్, హార్స్‌షూ క్రాబ్ టాకిప్లెసిన్, మన మనుషుల ఎల్ఎల్-37. పేపర్లలోంచి ఈ.కోలై, స్టాఫ్ ఆరియస్ అనే రెండు బ్యాక్టీరియాల మీద ఎమ్ఐసి (ఎదుగుదల ఆపే కనీస గాఢత) విలువలు తీసి వరసగా పెట్టి ర్యాంకులు ఇద్దామనుకున్నా. తీరా చూస్తే ఒకే పెప్టైడ్‌కి ఒక పేపర్లో ఉన్న అంకెకీ ఇంకో పేపర్లో ఉన్న అంకెకీ పది ఇరవై రెట్లు తేడా వస్తోంది, ఎల్ఎల్-37 అయితే మరీ ఘోరం. అన్నీ కలిపి యావరేజ్ తీసేస్తే సరిపోతుందా? చివర్లో "ఈ జంతువుది బెస్ట్" అని ఒక్క ముక్క చెప్పగలగాలి, మా గైడ్ అదే అడుగుతారు.

ప్లేట్‌రీడర్_రమ
యావరేజ్ మాత్రం తీయకు నాయనా. అవి ఒకే కొలత కాదు, పేరొక్కటే ఒకటి. ఎమ్ఐసి అంటే ఫలానా మీడియంలో, ఫలానా ప్లేట్లో, ఇంత బ్యాక్టీరియా వేసినప్పుడు ఎదుగుదల ఆగిన గాఢత, అంతే. మామూలు యాంటీబయాటిక్కి ఈ మూడూ దాదాపు ఖరారైపోయాయి కాబట్టి పేపర్ మారినా అంకె పెద్దగా మారదు. పెప్టైడ్ల దగ్గర ఆ క్రమశిక్షణ చాలా ఆలస్యంగా వచ్చింది, పాత పేపర్లలో ఎవరి వంట వాళ్లదే.

ముందు ప్లేట్ చూడు. పాలిస్టైరీన్ ప్లేట్ వాడితే ధనావేశం ఉన్న పెప్టైడ్ వెళ్లి గోడకి అతుక్కుంటుంది. పలచన చేసిన గుంటల్లో అయితే అతుక్కున్నది పోగా ద్రావణంలో మిగిలేది ఎంతో చెప్పలేం. అందుకే హాంకాక్ ల్యాబ్ పద్ధతిలో పాలిప్రొపిలీన్ ప్లేట్లు వాడమంటారు, పెప్టైడ్‌ని 0.01% ఎసిటిక్ యాసిడ్, 0.2% బోవైన్ సీరం ఆల్బుమిన్ ఉన్న నీళ్లలో పలచన చేయమంటారు. ఇది మెథడ్స్ సెక్షన్‌లో రాయకపోతే నేనైతే ఆ అంకె పక్కన ప్రశ్నార్థకం పెడతా.

రెండోది మీడియం. కొందరు పలచటి ఫాస్ఫేట్ బఫర్‌లో కాలనీలు లెక్కపెట్టి "చంపింది" అంటారు, కొందరు ముల్లర్-హింటన్ బ్రాత్ (బ్యాక్టీరియాని పెంచే పోషక ద్రవం) లో కాల్షియం మెగ్నీషియం సర్దుబాటు చేసి "ఎదగలేదు" అంటారు. నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

కప్పలపిచ్చి
రమ గారు చెప్పింది నిజమే గానీ నా ఓటు మాత్రం కప్పకే 🙂. ఈ రంగానికి జనంలో పేరొచ్చిందే కప్ప వల్ల. మైఖేల్ జాస్లాఫ్ అమెరికాలో ఎన్‌ఐహెచ్‌లో ఉన్నప్పుడు గుడ్ల కోసం ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్స్‌కి, అంటే జెనోపస్ లేవిస్‌కి, పొట్ట కోసి కుట్లేసి మళ్లీ అదే మురికి నీళ్ల తొట్టిలో వదిలేసేవాడు. ఆ నీళ్లలో సూక్ష్మజీవులు కిటకిటలాడుతున్నా గాయాలు చీము పట్టకుండా మానిపోతుంటే, చర్మంలో ఏదో ఉందని వెతికి మెగైనిన్లు పట్టుకున్నాడు, పేపర్ 1987లో వచ్చింది. 23 అమైనో ఆమ్లాలు, నికర ఆవేశం ప్లస్ 3, నీళ్లలో ఒక రూపం లేకుండా వేలాడుతూ ఉంటుంది, బ్యాక్టీరియా పొర తగలగానే హెలిక్స్‌లా, అంటే స్ప్రింగ్‌లా, చుట్టుకుంటుంది, ఆ హెలిక్స్‌లో ఒక పక్క నూనె ఇష్టపడేవి, ఇంకో పక్క నీళ్లు ఇష్టపడేవి. దాదాపు పాఠ్యపుస్తకం బొమ్మ. మన ఎర్రరక్తకణాలని పెద్దగా ముట్టుకోదు కూడా.

ఇంకో మాట, కప్ప ఒక్క పెప్టైడ్‌తో పని కానివ్వదు. అదే చర్మంలో పీజీఎల్ఎ అని ఇంకోటి ఉంటుంది, మెగైనిన్-2తో కలిపితే రెండూ విడివిడిగా చేసేదానికంటే చాలా ఎక్కువ చేస్తాయి. నీ టేబుల్‌లో విడివిడిగా రెండు వరసల్లో పెడితే రెండూ మామూలుగా కనిపిస్తాయి.

వెట్_వాసంతి
కప్పలపిచ్చి గారూ, మీ మెగైనిన్ మందుల షాపు దాకా వెళ్లిందా మరి? దాన్నే మార్చి తయారుచేసిన పెక్సిగనన్‌తో డయాబెటిస్ వాళ్ల కాలిపుండు ఇన్ఫెక్షన్ల మీద పెద్ద ట్రయల్స్ చేశారు, నోటి మాత్ర ఆఫ్లాక్సాసిన్‌తో పోల్చితే ఇంచుమించు సమానంగా వచ్చింది, అయినా 1999లో ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. మళ్లీ ఇంకో కంపెనీ చేతిలోకి వెళ్లి 2016లో మూడో దశ ట్రయల్స్‌లో ఉత్త క్రీమ్‌ని కూడా దాటలేకపోయింది.

నా దృష్టిలో సుబ్బు అడిగిన ప్రశ్నలోనే తిరకాసుంది, "ఏ జంతువు" అని అడిగితే జవాబు రాదు. ఒక్క పంది దగ్గరే చూడండి. ప్రొటెగ్రిన్ హెయిర్‌పిన్‌లా మడిచి రెండు డైసల్ఫైడ్ బంధాలతో (సిస్టీన్ల జతల మధ్య గంధకపు ముడులు) బిగించినది, పీఆర్-39 ప్రొలీన్, ఆర్జినిన్ నిండిన పొడుగు గొలుసు. రెండూ కాథెలిసిడిన్ కుటుంబమే. ముందుభాగం, అంటే కాథెలిన్ డొమైన్, ఇంచుమించు ఒకటే, తెంపేశాక బయటికొచ్చే తోక మాత్రం పూర్తిగా వేరు, రూపం వేరు, పని చేసే తీరు వేరు. ఆవుకీ అంతే, ఇండోలిసిడిన్ ఒక పక్క, బాక్-7 ఒక పక్క, బీమ్యాప్-27 ఇంకో పక్క. మనిషికీ ఎలుకకీ మాత్రం కాథెలిసిడిన్ ఒక్కోటే ఉంది. కాబట్టి "పంది వర్సెస్ ఆవు" అని పోల్చడం కంటే "హెయిర్‌పిన్ వర్సెస్ హెలిక్స్ వర్సెస్ ప్రొలీన్ గొలుసు" అని పోల్చు, అప్పుడు పంది ప్రొటెగ్రిన్, హార్స్‌షూ క్రాబ్ టాకిప్లెసిన్ పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. జంతువులకి చుట్టరికం లేకపోయినా పెప్టైడ్లు అన్నదమ్ముల్లా ఉంటాయి.

సీక్వెన్స్_సుబ్బు
వాసంతి మేడమ్, ఇది బాగుంది, జంతువు కాలమ్ పక్కన రూపం కాలమ్ పెడతా. ఇంకో డౌట్. కొన్ని పేపర్లు మిల్లీలీటరుకి మైక్రోగ్రాముల్లో ఇస్తున్నాయి, కొన్ని మైక్రోమోలార్‌లో. నేను అన్నీ మైక్రోగ్రాముల్లోకి మార్చేశా, అదేమైనా ప్రాబ్లమా?

ప్లేట్‌రీడర్_రమ
మార్చాల్సింది అటు కాదు, ఇటు. మోలార్‌లోకి తే. ఇండోలిసిడిన్ 13 అమైనో ఆమ్లాలే, బరువు సుమారు 1907 డాల్టన్లు. ఎల్ఎల్-37 పేరులో ఉన్నట్టే 37, బరువు సుమారు 4493. రెండింటికీ ఎమ్ఐసి 8 మైక్రోగ్రాములు అని రాస్తే నీ టేబుల్‌లో సమానం. మోలార్‌లో చూస్తే ఇండోలిసిడిన్ 4.2 మైక్రోమోలార్, ఎల్ఎల్-37 1.8. అంటే అణువుకి అణువు లెక్కన ఎల్ఎల్-37 రెట్టింపు కంటే ఎక్కువ పని చేసినట్టు. తయారీ ఖర్చు లెక్కేసుకునేవాడికి గ్రాములే కావాలి, అది వేరే సంగతి, కాబట్టి రెండు కాలమ్స్ ఉంచుకో.

ఇంకో గోతి ఉంది, ఎవరూ చెప్పరు. సింథసిస్ చేసి ఇచ్చే పెప్టైడ్ మామూలుగా ట్రైఫ్లోరో ఎసిటేట్ లవణంగా వస్తుంది. ప్రతి ధనావేశానికీ ఒక టీఎఫ్ఎ తగులుకుని ఉంటుంది, ఒక్కోటీ 114 డాల్టన్లు. ప్రొటెగ్రిన్-1 తీసుకో, బరువు సుమారు 2155, ఆవేశం ప్లస్ 7. ఏడు 114లు అంటే 798. మొత్తం బరువులో 27 శాతం పెప్టైడే కాదు, ఉప్పు! దాని పైన తేమ. సీసా మీద "ప్యూరిటీ 98%" అని ఉంటే అది వేరే పెప్టైడ్ ముక్కలు లేవని చెప్పేది, ఇది అందులో లెక్కకి రాదు. తూచి కలిపేసిన వాళ్లు, అమైనో యాసిడ్ అనాలిసిస్‌తో సరిచూసుకున్న వాళ్లు ఒకే అంకె ఇవ్వరు కదా. ఆవేశం ఎక్కువ ఉన్న పెప్టైడ్‌కే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది.

గుంటలో_గుండ్రాయి
ఇన్ని లెక్కలు ఎందుకు బాబూ, అన్నీ చేసేది పొరకి చిల్లు పెట్టడమే కదా. ఎక్కువ ధనావేశం, కాస్త నూనెతనం ఉంటే చాలు, ఏ జంతువుదైనా ఒకటే. బ్యాక్టీరియా పొర బయటి పక్క రుణావేశం ఉన్న లిపిడ్లు, మన కణాల బయటి పక్క ఆవేశం లేనివి, పైగా కొలెస్ట్రాల్. సెలెక్టివిటీ అంటే అంతే. కుడిచేతి అమైనో ఆమ్లాలతో, అంటే డి-రూపంతో, చేసినా అంతే పని చేశాయని మెరిఫీల్డ్, బొమన్ వాళ్లు 1990లోనే చూపించారుగా.

వెట్_వాసంతి
వాళ్లు ఏవి తీసుకున్నారో కూడా చెప్పండి గుండ్రాయి గారూ. సెక్రోపిన్-ఎ, మెగైనిన్, మెలిటిన్. మూడూ హెలిక్స్‌లే. వాటి వరకు మీరన్నది ఒప్పుకుంటా, రిసెప్టర్ అవసరం లేదు కాబట్టి కుడి ఎడమ తేడా లేదు. అదే పని తేనెటీగ అపిడేసిన్‌తో చేస్తే డి-రూపం పనికిరాకుండా పోయింది. ఎందుకంటే అది చిల్లు పెట్టే రకం కాదు. ఈ.కోలైలో అయితే ఎస్‌బీఎంఎ అనే రవాణా ప్రొటీన్ పట్టుకుని లోపలికి దూరుతుంది, వెళ్లి ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద కూర్చుంటుంది. ముందు డీఎన్‌ఎకె అనే ప్రొటీన్ దీని టార్గెట్ అనుకున్నారు, తర్వాత రైబోజోమ్ అని తేలింది. ఆవు బాక్-7 కూడా ఇదే బాపతు, కొత్తగా తయారయ్యే ప్రొటీన్ బయటికొచ్చే సొరంగంలో అడ్డం పడుతుంది. ఎస్‌బీఎంఎ లేని మ్యూటెంట్ మీద వీటి పదును బాగా తగ్గిపోతుంది, మెగైనిన్‌కి ఆ తేడా తెలియదు.

అందుకే ఈ ప్రొలీన్ రకాలు గ్రామ్ నెగెటివ్‌ల (ఈ.కోలై లాంటి, రెండు పొరలున్న బ్యాక్టీరియా) మీద బాగా పని చేస్తాయి, స్టాఫ్ ఆరియస్ మీద చాలావరకు చప్పబడతాయి, ఎర్రరక్తకణాలని అసలు పట్టించుకోవు. ఒక తేనెటీగలోనే ఒక పక్క కనపడిన కణమల్లా పగలగొట్టే మెలిటిన్, ఇంకో పక్క ఇంత సున్నితమైన అపిడేసిన్. "తేనెటీగ ర్యాంకు ఎంత" అంటే ఏం చెప్తారు?

గుంటలో_గుండ్రాయి
సరే, ప్రొలీన్ బ్యాచ్‌ని పక్కన పెడదాం. హెలిక్స్‌లకైనా నా మాట చెల్లుతుంది.

ఎర్రకణం_ఎలీషా
హెలిక్స్‌లకి కూడా సగమే చెల్లుతుంది అన్నా. మెలిటిన్ 26 అమైనో ఆమ్లాలు, ఆవేశం ప్లస్ 6, ఎల్ఎల్-37కీ ప్లస్ 6. ఆవేశం సమానం, ప్రవర్తన సమానమా? మెలిటిన్‌లో ఆ ఆవేశం దాదాపు అంతా తోక దగ్గర గుత్తిలా ఉంటుంది, ముందుభాగమంతా నూనె. అందుకే ఆవేశం ఉన్నా లేకపోయినా దొరికిన పొరలోకల్లా దిగబడుతుంది. ఎండబెట్టిన తేనెటీగ విషంలో ఇంచుమించు సగం బరువు ఇదే, దాని పని మన కణాలని పగలగొట్టి నొప్పి పుట్టించడం, బ్యాక్టీరియాని చంపడం దానికి పక్క పని.

హిమోలిసిస్, అంటే ఎర్రరక్తకణాలు ఎంత పగిలాయో కొలవడం, నా రోజూ పని కాబట్టి అది చెప్తా. కడిగిన ఎర్రకణాల మీద పెప్టైడ్ వేసి గంటసేపు 37 డిగ్రీల దగ్గర ఉంచి సెంట్రిఫ్యూజ్ తిప్పితే, మెగైనిన్ గొట్టంలో అడుగున ఎర్రటి ముద్ద, పైన నీళ్లు తేటగా ఉంటాయి. మెలిటిన్ గొట్టంలో కొద్ది మైక్రోమోలార్లకే ముద్ద మాయం, ద్రవమంతా ఎర్రగా, ట్రైటాన్ (కణాలన్నీ పగలగొట్టే డిటర్జెంట్) వేసిన కంట్రోల్‌కీ దానికీ కంటితో తేడా కనపడదు.

సుబ్బూ, నీ టేబుల్‌లో ఎమ్ఐసి పక్కన ఇది లేకపోతే మెలిటిన్ ర్యాంకు పైకెక్కి కూర్చుంటుంది, జాగ్రత్త.

సీక్వెన్స్_సుబ్బు
హెచ్‌సీ50ని (సగం ఎర్రకణాలు పగిలే గాఢత) ఎమ్ఐసితో భాగించి థెరప్యూటిక్ ఇండెక్స్ పెట్టేస్తే ర్యాంకు సరిపోతుందా అన్నా?

ఎర్రకణం_ఎలీషా
పెట్టు, కానీ కింద చిన్నక్షరాల్లో రెండు ముక్కలు రాయి. ఒకటి, ఎవరి ఎర్రకణాలు? గొర్రె ఎర్రకణాల్లో ఫాస్ఫటిడైల్‌కోలిన్ దాదాపు ఉండదు, దాని బదులు స్ఫింగోమైలిన్ ఉంటుంది. మనిషి కణాలకి లెక్క వేరు. గొర్రె రక్తం మీద "సేఫ్" అని వచ్చింది మనిషి రక్తం మీద సేఫ్ అవ్వాలని ఏమీ లేదు. గొర్రెదే ఎస్‌మ్యాప్-29 అని ఒక పెప్టైడ్ ఉంది, బ్యాక్టీరియా మీద భలే పదును, మనిషి ఎర్రకణాల మీద కూడా అంతే పదును.

రెండు, భాగహారంలో పైనా కిందా ఉన్నవి వేర్వేరు లోకాలవి. ఎమ్ఐసి బ్రాత్‌లో, మిల్లీలీటరుకి 5 లక్షల బ్యాక్టీరియాతో, ఒక రాత్రంతా. హిమోలిసిస్ ఉప్పునీటి బఫర్‌లో, 4% ఎర్రకణాలతో, గంట. 4% అంటే మిల్లీలీటరుకి దగ్గర దగ్గర 40 కోట్ల కణాలు, ఒక్కోటీ బ్యాక్టీరియా కంటే ఎంతో పెద్దది. పెప్టైడ్ అంత పొర మీద పరుచుకుంటే కణానికి ఎన్ని అణువులు మిగిలాయి? ఇండెక్స్ 100 అని గొప్పగా రాస్తారు గానీ రెండూ ఒకే గొట్టంలో కలిపి ఎవరు చూశారు? ఎర్రకణాలూ బ్యాక్టీరియా పక్కపక్కన ఉంటే పెప్టైడ్‌లో కొంత ఎర్రకణాలే మింగేస్తాయి, అప్పుడు ఎమ్ఐసి కూడా పైకి పోతుంది.

సముద్రపు_సూరి
సముద్రం వాళ్లని మర్చిపోయారు అందరూ. ఉప్పు సంగతి తీస్తే మావాళ్లే ముందు. హ్యూమన్ బీటా డిఫెన్సిన్-1 లాంటి మన పెప్టైడ్లు ఉప్పు శరీరంలో ఉండే స్థాయికి వచ్చేసరికి నీరసపడిపోతాయి, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్లకి ఇదొక కారణమేమో అని 1990ల్లో పెద్ద చర్చే నడిచింది. టాకిప్లెసిన్ 17 అమైనో ఆమ్లాలే, రెండు డైసల్ఫైడ్లు, ఉప్పుకి పెద్దగా చలించదు. వింటర్ ఫ్లౌండర్ చేప ప్లూరోసిడిన్, చారల బాస్ చేప మాస్ట్ కణాల్లో 2001లో దొరికిన పిసిడిన్, ఇవీ ఉప్పుని తట్టుకుంటాయి. ఉప్పు నీళ్లలో బతికేదాని పెప్టైడ్ ఉప్పుకి కరిగిపోతే దానికేం లాభం. సొరచేప స్క్వాలమైన్ కూడా మీ టేబుల్‌లో పెట్టుకోండి, జాస్లాఫ్ వాళ్లదే.

వెట్_వాసంతి
సూరి గారూ, స్క్వాలమైన్ పెప్టైడ్ కాదండీ, అమైనోస్టెరాయిడ్. మంచి అణువే గానీ ఈ టేబుల్‌లోకి రాదు.

ఎవరిది ఏది అనే సంగతి వచ్చింది కాబట్టి, సుబ్బు తప్పకుండా చూసుకోవాల్సింది ఒకటి. సెక్రోపిన్-పి1 అని ఉంది, 31 అమైనో ఆమ్లాలు. 1989లో పంది చిన్నపేగు నుంచి తీశారు, పురుగుల్లో మాత్రమే అనుకున్న సెక్రోపిన్ పాలిచ్చే జంతువులో కూడా ఉందని అందరూ సంబరపడ్డారు. 2003లో బొమన్ వాళ్లే తేల్చారు, అది పందిది కాదు, పంది పేగులో కాపురముండే ఏలికపాముది, ఆస్కారిస్ సువమ్‌ది. ఇప్పటికీ కొన్ని టేబుళ్లలో "మూలం: పంది" అనే కాపీ కొట్టుకుంటూ వస్తోంది. డేటాబేస్‌లో సోర్స్ కాలమ్ చూసి గుడ్డిగా దించేస్తే ఇలాగే అవుతుంది.

కప్పలపిచ్చి
హహ, ఏలికపాము పేరు పందికి పోయింది పాపం. నాకు ఇష్టమైన ఉదాహరణ ఇంకోటి, థీటా డిఫెన్సిన్. రీసస్ కోతి తెల్లరక్తకణాల్లో 1999లో దొరికింది, మొదలూ చివరా లేని ఉంగరం, 18 అమైనో ఆమ్లాలు, తొమ్మిదేసి ఉన్న రెండు ముక్కలు కలిసి గుండ్రంగా అతుక్కుంటాయి. మనకీ ఆ జీన్ ఉంది గానీ మధ్యలో స్టాప్ కోడాన్ పడి మూగబోయింది. జంతువుల మధ్య పోలిక అంటే ఇలాంటివే పెట్టు సుబ్బూ, ఎమ్ఐసి కంటే ఆసక్తిగా ఉంటుంది.

గుంటలో_గుండ్రాయి
అంతా బాగానే ఉంది, ఒక్కటి మాత్రం ఒప్పుకోండి, వీటికి రెసిస్టెన్స్ రాదు. కోట్ల ఏళ్లుగా జంతువులు వాడుతున్నా ఇంకా పని చేస్తున్నాయంటే అదే రుజువు. పొర మొత్తం మార్చుకోవడం బ్యాక్టీరియాకి కుదిరే పని కాదు.

ప్లేట్‌రీడర్_రమ
ఈ మాట జాస్లాఫ్ కూడా రాశాడు, రెసిస్టెన్స్ రావడం చాలా అరుదు అని. దాన్ని గ్రాహమ్ బెల్ అనే ఎవల్యూషన్ శాస్త్రవేత్త సవాలు చేశాడు. ఇద్దరూ కలిసే ప్రయోగం చేశారు, ఈ.కోలైనీ సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌నీ పెక్సిగనన్ మోతాదు మెల్లమెల్లగా పెంచుతూ 600, 700 తరాలు పెంచితే దాదాపు అన్ని గొలుసుల్లోనూ రెసిస్టెన్స్ వచ్చేసింది. పేపర్ 2006లో వచ్చింది, జాస్లాఫ్ పేరు కూడా దాని మీద ఉంది, ఆ పెద్దరికం నాకు నచ్చింది.

పొర మొత్తం మార్చుకోనక్కర్లేదు కూడా. స్టాఫ్ ఆరియస్ తన లిపిడ్‌కి ఒక లైసిన్ తగిలించుకుంటుంది, ఎంప్రఎఫ్ ఎంజైమ్ పని అది, దాంతో రుణావేశం తగ్గి పెప్టైడ్ అంటుకోదు. సాల్మొనెల్లా తన బయటిపొరలోని లిపిడ్-ఎ మీద అలంకారాలు మార్చుకుంటుంది. ఇంకా సులువైన దారి కోసేయడం, స్టాఫ్ వదిలే ఆరియోలైసిన్ అనే ఎంజైమ్ ఎల్ఎల్-37ని ముక్కలు చేస్తుంది. ఇక్కడ మళ్లీ రూపం పనికొస్తుంది, డైసల్ఫైడ్లతో బిగించిన డిఫెన్సిన్, ప్రొటెగ్రిన్ లాంటివి అంత తేలిగ్గా తెగవు.

వెట్_వాసంతి
నాకు ఇందులో భయం వేసే కోణం ఒకటుంది. బ్యాక్టీరియా బయటి మందుకి అలవాటుపడితే అదొక బాధ, మన సొంత ఎల్ఎల్-37కే అలవాటుపడితే? మందుగా ఇచ్చే పెప్టైడ్ మన శరీరం వాడే పెప్టైడ్‌కి ఎంత దగ్గరగా ఉంటే ఆ ప్రమాదం అంత ఎక్కువ. కాబట్టి టేబుల్‌లో "మనిషి పెప్టైడ్లతో పోలిక ఎంత" అని ఒక కాలమ్ ఉంటే నాకైతే పనికొస్తుంది.

ఎర్రకణం_ఎలీషా
ఎల్ఎల్-37 సంగతి వచ్చింది కాబట్టి, సుబ్బు టేబుల్‌లో అది అట్టడుగున ఉంటుందని పందెం. బ్రాత్‌లో మామూలుగా ఉంటుంది, సీరం కలిపితే ఇంకా పడిపోతుంది, అపోలిపోప్రొటీన్ ఎ-1 దాన్ని పట్టేసుకుంటుంది. అలాగని పనికిరాదా? న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాల్లో అది లేని కోస్ట్‌మన్ వ్యాధి వాళ్లకి చిగుళ్లు చిన్నవయసులోనే పాడైపోతాయని 2002లో చూశారు. ఎలుకలో దానికి సమానమైన క్రాంప్ తీసేస్తే స్ట్రెప్టోకాకస్ చర్మం ఇన్ఫెక్షన్ ముదిరిపోయింది. బ్యాక్టీరియా విషమైన ఎండోటాక్సిన్‌ని కట్టేస్తుంది, తెల్లకణాలని పిలుస్తుంది, గాయం మానడానికి సాయం చేస్తుంది. ఇవేవీ ఎమ్ఐసిలో కనపడవు. అలాగని ఎక్కువైతే మంచిదని కాదు, రొసేషియా, సొరియాసిస్ రెండింట్లోనూ చర్మంలో ఇది పేరుకుపోతుంది, మంట పెంచేది కూడా ఇదే.

బైకార్బొనేట్ సంగతి కూడా చూడు. శరీరంలో ఉన్నంత బైకార్బొనేట్ కలిపితే అదే బ్యాక్టీరియా ఎల్ఎల్-37కి బాగా లొంగుతుంది. మామూలు బ్రాత్‌లో అంత బైకార్బొనేట్ ఉండదు. అంటే మన పెప్టైడ్‌ని దాని సొంత ఇంట్లో పరీక్ష పెట్టకుండా ఫెయిల్ చేస్తున్నాం.

నిశాచరి_నీలు
ఆలస్యంగా వచ్చా, పండ్ల ఈగల మనిషిని. మీరంతా గొట్టంలో కొలవడం గురించే మాట్లాడుతున్నారు, జంతువులోనే కొలిస్తే కథ వేరేలా ఉంది. ల్మెత్ర్ ల్యాబ్ వాళ్లు డ్రోసోఫిలాలో ఈ పెప్టైడ్ జీన్లని గంపగుత్తగా తీసేసి, మళ్లీ ఒక్కో గుంపు తీసేసి చూశారు, 2019లో. అందరూ ఊహించింది ఏంటంటే అన్నీ కలిసి కాక్‌టెయిల్‌లా పని చేస్తాయి, ఒకటి పోతే ఇంకోటి సర్దుకుంటుందని. కొన్ని బ్యాక్టీరియా విషయంలో అలాగే జరిగింది. కానీ ప్రొవిడెన్సియా రెట్గెరి అనే దాని మీద కాపాడేదంతా డిప్టెరిసిన్, ఎంటరోబాక్టర్ క్లోకే మీద డ్రోసోసిన్. ఆ ఒక్కటీ లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఈగ నిలబడలేదు. డిప్టెరిసిన్‌లో అయితే ఒక్క అమైనో ఆమ్లం తేడాతోనే ఏ ఈగ బతుకుతుందో ఏది పోతుందో మారుతోంది.

అంటే "ఈ.కోలై మీద ఎంత, స్టాఫ్ మీద ఎంత" అని రెండు బ్యాక్టీరియాలతో తూచేస్తే, ఆ పెప్టైడ్ ఏ శత్రువు కోసం తయారైందో ఆ శత్రువుని నువ్వు పిలవనే లేదు. సెక్రోపిన్-ఎ స్టాఫ్ మీద దాదాపు ఏమీ చేయదు, గ్రామ్ నెగెటివ్‌ల మీద కత్తి. దాని సగటు తీస్తే ఏ లోకంలోనూ లేని మధ్యరకం పెప్టైడ్ ఒకటి తేలుతుంది.

సముద్రపు_సూరి
అంటే చివరికి మందుగా నిలబడేదేదో ఎవరూ చెప్పరా? ప్రొటెగ్రిన్ నుంచి చేసిందొకటి ఉండాలి కదా.

ప్లేట్‌రీడర్_రమ
ఉంది, మ్యూరెపవాడిన్. ప్రొటెగ్రిన్ రూపం ఆధారంగా మొదలెట్టి మార్చుకుంటూ పోతే చివరికి చిల్లు పెట్టడమే మానేసి సూడోమోనాస్ ఎరుజినోసా బయటిపొరలోని ఎల్‌పీటీడీ అనే ప్రొటీన్‌ని పట్టుకునేదిగా తేలింది, అంటే ఆ బ్యాక్టీరియాకి తప్ప వేరేదానికి దాదాపు పని చేయదు. సైన్స్‌గా చూస్తే ఈ రంగంలో నాకు అన్నింటికంటే ముచ్చటేసేది అదే. ఆస్పత్రి న్యుమోనియా మీద మూడో దశ ట్రయల్స్ దాకా వెళ్లింది, కిడ్నీలు దెబ్బతింటున్నాయని 2019లో ఆపేశారు. రక్తంలోకి ఎక్కించేవాటికి కిడ్నీ దగ్గరే పీటముడి. ఇండోలిసిడిన్ నుంచి చేసిన ఒమిగనన్ పైపూత, అది వేరే దారుల్లో తిరిగింది, అనుకున్న చోట గట్టెక్కలేదు.

సీక్వెన్స్_సుబ్బు
అందరికీ చాలా థాంక్స్. గైడ్‌కి ఈ చర్చంతా చూపించా, ర్యాంకుల ఆలోచన ఆయనే వద్దన్నారు, పైగా నాలుగు పెప్టైడ్లు తెప్పించి మనమే ఒకే రోజు ఒకే ప్లేట్లో పెట్టి చూద్దామన్నారు. హెలిక్స్‌కి మెగైనిన్-2, హెయిర్‌పిన్‌కి ప్రొటెగ్రిన్-1, ప్రొలీన్‌కి అపిడేసిన్, మన ఎల్ఎల్-37. మామూలు బ్రాత్ ఒక వరస, ఉప్పు పెంచి ఒక వరస, బైకార్బొనేట్‌తో ఒక వరస. ఎస్‌బీఎంఎ లేని ఈ.కోలై స్ట్రెయిన్ పక్క ల్యాబ్‌లో ఉందట. సీరం కూడా పెట్టాలా? ప్రొటెగ్రిన్ సరిగ్గా మడిచి ఇచ్చారో లేదో నాకెలా తెలుస్తుంది?

ప్లేట్‌రీడర్_రమ
సీరం పెట్టు, కానీ వేడిచేసి కాంప్లిమెంట్ (సీరంలో ఉండి బ్యాక్టీరియాని చంపే ప్రొటీన్లు) పని చేయకుండా చేసిందే వాడు, లేకపోతే ఈ.కోలైని చంపింది పెప్టైడో సీరమో తెలియదు. పెప్టైడ్ లేకుండా సీరం ఒక్కటే వేసిన గుంట తప్పనిసరి. బైకార్బొనేట్ వరసలో పీహెచ్ మారిపోతుంది, మొదట్లోనూ చివర్లోనూ చూసి రాసుకో. మెలిటిన్ కూడా కొంచెం తెప్పించు, హిమోలిసిస్‌కి పాజిటివ్ కంట్రోల్‌గా పనికొస్తుంది.

ఎర్రకణం_ఎలీషా
ప్రొటెగ్రిన్‌కి మాస్ రిపోర్ట్ అడుగు. ఒక డైసల్ఫైడ్ పడితే రెండు హైడ్రోజన్లు పోయి 2 డాల్టన్లు తగ్గుతుంది, రెండు పడితే 4. మడవని గొలుసు లెక్క కంటే సరిగ్గా 4 తక్కువ ఉండాలి. బరువు సరిపోయినా సిస్టీన్లు తప్పు జతల్లో ముడిపడి ఉండొచ్చు, అందుకని హెచ్‌పీఎల్‌సీలో (అణువుల్ని విడదీసి చూపే పరీక్ష) ఒకే శిఖరం ఉందో లేదో కూడా చూడు. రెండు శిఖరాలుంటే వెనక్కి పంపేయ్. సీసా రాగానే చిన్నచిన్న భాగాలు చేసి మైనస్ 20లో పెట్టు, మాటిమాటికీ కరిగించి గడ్డకట్టించకు. తూచేటప్పుడు ఆ 27 శాతం లెక్క మర్చిపోకు.

సీక్వెన్స్_సుబ్బు
ఓకే అన్నా. ఆర్డర్ ఫారంలో టీఎఫ్ఎ బదులు ఎసిటేట్ లవణం అని ఆప్షన్ ఉంది, అదే టిక్ పెట్టేశా. ప్లేట్లు పాలిప్రొపిలీన్‌వి స్టోర్స్‌లో లేవంటున్నారు, వచ్చేదాకా మొదలెట్టను.